వద్దనలేదు, సగం మందికి వేయమన్నాం

నా పేరు మైలపల్లి పోలమ్మ. వయసు అరవై పైనే. గారకు దిగువన సముద్రపు ఒడ్డు పేట మాది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, ఇద్దరు మనుమరాళ్లు, చనిపోయిన నా భర్త తమ్ముడు దానయ్య. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పేట బడి మాస్టారు రాస్తున్నారు. మాలాంటి పేటల వాళ్లు శ్రీకాకుళం ఆరోగ్య కార్యాలయానికి వెళ్లాల్సి వస్తే ఇది పనికొస్తుంది.

పొరుగు పేటలో కలరా దిగింది. సూది వేసే అతను మా పేటకూ వచ్చాడు. ఆ సూదికి చేయి వాచి రెండు రోజులు జ్వరం కాస్తుంది. అందరి చేతులూ ఒకేసారి వాస్తే తెడ్డు వేసేదెవరు, చేపల బుట్ట ఎత్తేదెవరు? ఇంటికి సగం మందికి ఇవాళ, మిగతా వాళ్లకు నాలుగు రోజులాగి వేయమన్నాం. అతను మందు పెట్టె మూసుకుని వెళ్లిపోయాడు. పది రోజులు చూశాం, ఎవరూ రాలేదు. మాస్టారు వాకబు చేస్తే, ఆరోగ్య కార్యాలయం పుస్తకంలో మా పేట ఎదుట ‘వద్దన్నారు’ అని ఉందట.

మర్నాడు తెల్లవారకముందే బయలుదేరాను. సరుగుడు తోటల వెంట గార దాకా రెండు గంటల నడక. ఎనిమిదింటికి బస్సు, టిక్కెట్టు అర్ధరూపాయి లోపే.

“సేపల బుట్టలు పైకెక్కించండి!” అని కండక్టరు అరిచాడు.

“బుట్ట నేదురా బాబూ, నానొక్కదాన్నే.”

“మరి వాసనొస్తన్నాదే ముసిలీ?”

“రాత్రి నువ్వు తిన్న పులుసుదేమో సూసుకో. జరుగు.”

బస్సంతా నవ్వింది. అరసవల్లిలో గుడికి వెళ్లేవాళ్లు దిగాక కూర్చోను చోటు దొరికింది. తొమ్మిదిన్నరకు శ్రీకాకుళంలో దిగాను. కార్యాలయానికి డాక్టరుగారు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

ఆయన పుస్తకం తిప్పి, “మీరే వద్దన్నారు కదమ్మా?” అన్నారు.

“వద్దన్నామని ఎవుడు సెప్పాడు? సగం మందికి ఇయ్యాల, సగం మందికి తరవాత అన్నాం. మీ ఆపీసులో అందరూ ఒక్క రోజే సెలవెట్టేత్తారేటి?”

గుమాస్తా తల దించుకుని నవ్వాడు.

“రెండుసార్లు రావడం కష్టమమ్మా.”

“రెండు పాల్లు రావడం మీకు కట్టం. మేం ఒక్క పాలి పోతే మళ్లీ రాం బాబూ.”

ఆయన కలం తీశారు. ‘వద్దన్నారు’ అన్న మాట కొట్టేసి, “ఏ ఇంట్లో ఎవరికి ముందో చెప్పు” అన్నారు. ఉత్తరపు కొసనున్న గుడిసె నుంచి మొదలుపెట్టి గడపగడపా చెప్పాను. గుమాస్తా రాశాడు. మళ్లీ చదివించుకుని విన్నాను.

గురువారం వచ్చి సగం మందికి వేశారు, సోమవారం మిగతా వాళ్లకు. ఆదివారమే దానయ్య కలరాతో పోయాడు. తెడ్డు బాగా వేస్తాడని అతన్ని రెండో సగంలో పెట్టింది నేనే. ఆ బాధ నాది, దాచను. కానీ ఆ ఒక్క మాట పుస్తకంలో పడినందుకు పోయిన పది రోజులు ఎవరివి? మళ్లీ ఏ జబ్బు వచ్చినా, ‘వద్దన్నారు’ అని రాసే ముందు ‘మరి ఎప్పుడు రమ్మంటారు?’ అని అడగాలి. ఇదే నా అర్జీ. ఈ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక మాట. మీ పేట గురించి ఏం రాశారో చదివించుకుని వినకుండా ఆ కార్యాలయం మెట్లు దిగవద్దు.

మైలపల్లి పోలమ్మ ఎడమచేతి వేలిముద్ర
సాక్షులు: సూరాడ గురమ్మ, కోడా రాముడు