త్రీడీ తెర మీద చీలిన పెదవి

గ్రహణానికి భయపడేవారిని చూసి నవ్వే మీరు, స్కానింగ్ తెర మీది బొమ్మను మాత్రం ఏ పరీక్షా లేకుండా ఎందుకు నమ్ముతారు?

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, సీనియర్ రేడియాలజిస్టుగా నన్ను అమలాపురం పంపారు. అప్పటికే స్కానింగ్ చేస్తున్న ఆరుగురు డాక్టర్లకు త్రీడీ నేర్పాలి. యంత్రం కడుపులోని బిడ్డను సన్నని పొరలుగా చూస్తుంది. త్రీడీలో ఆ పొరలను కలిపి ముఖాన్ని లెక్కగడుతుంది. బిడ్డను తాకి తిరిగొచ్చే ధ్వనుల్లో బలహీనమైనవాటిని ఎంతవరకు తుడిచేయాలో నిర్ణయించే మీటను త్రెషోల్డ్ అంటాం. అది పెంచితే మసక పోయి బొమ్మ అందంగా వస్తుంది. మొదటి రోజు నేను నేర్పింది అదే.

రెండో రోజు ఐ.పోలవరం నుంచి మంగ వచ్చింది. చేపల వేటకు వెళ్లే కుటుంబం, ఆరో నెల, వెంట అత్తగారు. ఆ ఆరుగురిలో ఒకరు, రాజోలులో ఇరవై ఏళ్లుగా స్కానింగ్ చేస్తున్న ప్రసాద్ గారు, ఆమె పొట్ట మీద ప్రోబు పట్టారు. పై పెదవి మీద నల్లటి సందు కనబడగానే, "గ్రహణం మొర్రి లాగుందండి" అని నాతో పైకే అనేశారు.

అత్తగారు అందుకుంది. "గ్రహణం నాడు చేపలు కొయ్యొద్దే అని మొత్తుకున్నానండి. ఇంటేనా? కత్తిపీటెక్కి కూర్చుంది మహారాణి!"

"ఆ పులుసు మీరూ తిన్నారు కదత్తా," అంది మంగ. ఆపైన ఏడుపు ఆగలేదు.

పెంచిన త్రెషోల్డ్ పెదవినీ కొంత తుడిచేసిందేమోనని తగ్గించాను. సందు సగం మూసుకుంది. సగం చాలదు. త్రీడీ ఆపించి, మామూలు స్కాన్‌లో పెదవిని పొర పొరగా చూడమన్నాను. ప్రసాద్ గారు రెండుసార్లు చూశారు. పెదవి, దాని వెనక పంటి చిగురు, రెండిట్లోనూ చీలిక లేదు.

"ఆయ్, ఏం లేదండి. నేనే తొందరపడ్డాను," అన్నారు అత్తగారితో.

ఆ తొందర నేర్పింది నేనని ఒప్పుకున్నాను. చీలిక నిజంగా ఉన్నా దానికి గ్రహణం, కత్తిపీట కారణం కావని, ఆపరేషన్‌తో సరిచేస్తారని ఆవిడకు చెప్పాను. ఆవిడ పూర్తిగా నమ్మలేదు. "అయితే గ్రహణం మీ మిషనుకే పట్టిందండి," అంటూ కోడలి పొట్ట మీది జెల్లీ మాత్రం తనే తుడిచింది.

మూడో రోజు నుంచి పాఠం వరుస మార్చాను: ముందు పొరలు, తర్వాతే ముఖం.

స్కానింగ్ గదిలో ఉన్నవారు పొరలు చూడకుండా నోరు విప్పకండి. చీలిక నిజమైతే గ్రహణం మొర్రి అనకుండా, పెదవి చీలిక అనే చెప్పండి. ఇంట్లో ఉన్నవారు, ఎవరైనా ఆ నేరం తల్లికి అంటగడుతుంటే ఊరుకోకండి. అక్కడే, ఆమె ఎదుటే, అది అబద్ధమని చెప్పండి.