కిషన్‌బాగ్‌లో జలపాతం

మా ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయాక చేసిన మొదటి ఘనకార్యం పెరట్లో చేపల కుంట. రెండోది దాని మీదికి జలపాతం. మూడోది ఇంకా ఆలోచించలేదు, నేను ఆలోచించనివ్వను కూడా.

కిషన్‌బాగ్‌లో మాది పాత ఇల్లు. మామగారి కాలంలో వెనక బర్రెల కొట్టం ఉండేది, పాల వ్యాపారం. బర్రెలు పోయాయి, అవి నీళ్ళు తాగిన పెద్ద సిమెంటు తొట్టి మిగిలింది. దాన్ని తోమించి, నీలం రంగు వేయించి, ఎర్ర చేపలు వదిలి, మా ఆయన దానికి కుంట అని పేరు పెట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. ఫోన్‌లో ఎవరో పెరట్లో కొండ కట్టి నీళ్ళు దూకించడం చూశారు. ఇక ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా చూపు వెనక గోడ మీదే.

ఆ గోడకు అవతల ఆపా ఇల్లు. నాకంటే పెద్దది కాబట్టి ఆపా, అంటే అక్క. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి గోడకు ఇటు నేను, అటు ఆమె. మేం మాట్లాడుకున్న దాంట్లో సగం కొట్లాటే. ఆమె తిట్టకుండా గడిచిన రోజు నాకు ఉప్పు లేని కూర తిన్నట్టు ఉంటుంది.

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అదీ పొద్దున పూట, దానికి బుద్ధి పుట్టినప్పుడు. నల్లా గుంటలో ఉంటుంది, దాని కింద ఒక చిన్న ఇనుప బకెట్టు మాత్రమే పడుతుంది, అందులోంచి ముంచి డ్రమ్ములకు ఎత్తి పోసుకోవాలి. ఆడవాళ్ళంతా నల్లా తిప్పే ఉంచి, ఒక చెవి అక్కడ పారేసి పనులు చేసుకుంటారు. ఖాళీ బకెట్టులో నీళ్ళ మోత వినిపించిందా, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి పరుగే. మాకొక్కరికే సంపు ఉంది, నీళ్ళు వస్తే దానంతట అది నిండుతుంది. ఇలాంటి గల్లీలో జలపాతం! మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

"నీళ్ళు దండుగ గావే. కింద వడ్డ నీళ్ళే మల్ల మీదికెక్కుతయి" అని మా ఆయన నాకు పాఠం చెప్పారు.

"ఎక్కుతయి సరే. మీరెప్పుడు దిగుతరు?" అన్నాను.

కొండ కట్టడానికి ధూల్‌పేట్ నుంచి వినాయకులను చేసే దోస్తును పట్టుకొచ్చారు. అతను గోడ చుట్టూ తిరిగి చూసి, "అన్నా, కొండ మీద ఎవలు కూసుంటరు? శివుడా, హనుమంతుడా?" అని అడిగాడు. ఎవరూ కూర్చోరని చెప్తే పాపం అతని ముఖం చిన్నబోయింది. "ఒట్టి కొండనా? గిట్ల ఎవ్వలడగలేదన్నా నన్ను!" అన్నాడు. వెదురు బద్దలు, గోనెపట్టాలు, పైన సిమెంటు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు కదా, ఇక్కడ కొండను చేయబోతే వినాయకుడయ్యాడు. అలవాటైన చేయి కదా, కొండకు బొజ్జ వచ్చింది. నీళ్ళు దిగే కాలువ మెలి తిరిగి అచ్చం తొండం. మా ఆయన కళ్ళు చికిలించి చూసి, "మస్తు నేచురల్‌గ ఉన్నది" అన్నారు. నేను లోపలికి వెళ్ళి నవ్వుకున్నాను.

నీళ్ళు దూకాయి కానీ మోత లేదు. మోత లేనిది జలపాతమేంటని, మా అత్తగారి ఇత్తడి గంగాళాన్ని తెచ్చి నీళ్ళు పడే చోట బోర్లించారు. అబ్బో, ఇక చూడండి సంబరం! ఆ మోతకు గోడ అవతల బిందెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

"చెల్లే! నల్లా ఆగయా! జల్ది రా!" అని, నల్లా వచ్చేసిందనుకొని ఆపా కేక. ఆ కేకకు గల్లీలో మిగతా ఆడవాళ్ళు కూడా ఉరికారు. నల్లాలో చుక్క లేదు. సంగతి తెలిశాక ఆపా స్టూలు ఎక్కి గోడ మీదికి తల పెట్టింది.

"క్యా భాయ్, మోకాళ్ళ నొప్పులదాన్ని, నన్ను గిట్ల ఉరికిస్తవా? బర్రెలున్నప్పుడే నయముండె. అవి మొత్తుకున్నా నల్లా లెక్క మొత్తుకోలే."

నల్లా రోజున పొద్దున జలపాతం బంద్ పెడతానని మా ఆయన మాటిచ్చారు. ఇచ్చి మరిచిపోయేవారు. పాపం గల్లీ వాళ్ళు ఇంకొన్నిసార్లు ఉరికి, చివరికి చెవులకు బుద్ధి చెప్పుకున్నారు. మోత వినిపిస్తే "భాయ్ కా పహాడ్", భాయ్ కొండే, అనుకొని ఎవరూ కదిలేవారు కాదు. నల్లా రోజున మాటిమాటికీ గుంట దాకా వెళ్ళి చూసుకునేవారు. తన కొండకు గల్లీలో పేరొచ్చిందని మా ఆయన మురిసిపోయారు.

అట్లా ఉండగా ఆపా చిన్న కూతురి మంగ్నీ, అదే నిశ్చితార్థం, కుదిరింది. నా చేతుల్లో పెరిగిన పిల్ల. అంతకుముందు ఒక సంబంధం ఉంగరాల దాకా వచ్చి తప్పిపోయింది. అప్పటి నుంచి ఆపా లోలోపల నలిగిపోతూనే ఉంది. ఈసారి ఫలక్‌నుమా నుంచి మగపిల్లవాడి తరఫు వాళ్ళు సాయంత్రం వస్తారు. ఏ లోటూ కనిపించకూడదని ఆమె తాపత్రయం. ఆ రోజు నల్లా రోజే కాబట్టి ఉన్న నీళ్ళతో ముందురోజే ఇల్లంతా కడిగించేసింది, డ్రమ్ములన్నీ ఖాళీ.

పొద్దున నేను వంటింట్లో ఉండగా మోత మొదలైంది. "మొదలువెట్టిండు మహానుభావుడు" అని గొణుక్కొని ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చున్నాను. చాలాసేపటికి మోత ఆగింది. మా ఆయన లోపలికొచ్చి, "నల్లా పోయింది గద. ఆపా వాళ్ళు నింపుకున్నరా?" అన్నారు.

"నల్లా ఎప్పుడొచ్చింది?"

"ఇందాకట్నుంచి వచ్చుకుంటనే ఉండె. నేను పొద్దుగాల్నే జలపాతం బంద్ పెట్టిన. మాటిచ్చిన గద!"

అంటే నేను విన్న మోత కొండది కాదు, నల్లాది; మంగ్నీ పనుల్లో పడి ఆపా కూడా గుంట దాకా వెళ్ళి చూసుకొని ఉండదు. ఇన్నాళ్ళూ నిలబెట్టుకోని మాటను ఈయన ఇవాళే నిలబెట్టుకోవాలా! స్టూలు ఎక్కి గోడ అవతలికి చూశాను. నల్లా గుంట చుట్టూ తడి, బకెట్టు నిండి పొర్లిన నీళ్ళన్నీ మోరీలోకి పోయాయి. పక్కనే సాయంత్రం విందు వండడానికొచ్చిన బావర్చి ఖాళీ దేగ్ గిన్నె పెట్టుకొని నిలబడ్డాడు. ట్యాంకరు రేపటికి గానీ రాదని అతనితో చెబుతోంది ఆపా. చెబుతూ నన్ను చూసింది.

"ఆపా, మా సంపు నిండున్నది. పైపు ఏస్తం" అన్నాను.

"వద్దమ్మా. మీ పహాడ్‌కు తక్కువ వడ్తయి" అంది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

నాకు భయం వేసింది. ఈ ఇంటికొచ్చాక ఆమె నన్ను ఎన్ని మాటలన్నా పడ్డాను, అన్నాను. నోరు మూసుకొని వెళ్ళిపోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇక మాట్లాడదేమో అనుకుంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపంతా కోపమై మా ఆయన మీద పడింది.

"పైపు తీయుండ్రి!"

"పైపు కొండలున్నదే" అన్నారాయన మెల్లగా. జలపాతం మోటరుకున్న పొడుగు పైపు సిమెంటు లోపల కూరుకుపోయి ఉంది. ఇంట్లో ఇంకోటి లేదు. ఆయన ఆ బొజ్జ కొండను ఒకసారి చూసి, వెళ్ళి గడ్డపార తెచ్చారు. ఎవరినీ చిటికెన వేలితో తాకనివ్వని కొండను ఆయనే పొడిచారు. లోపలంతా డొల్ల. వెదురు బద్దలు విరిచి పైపు లాగి, మోటరును సంపులో దింపి, పైపు కొసను గోడ మీంచి అవతలికి విసిరారు.

"ఆపా వద్దన్నది గద" అన్నాను.

"అంటది. నువ్వు స్విచ్చెయ్యి."

వేశాను. అవతల బండల మీద నీళ్ళు పడుతున్న చప్పుడు. మంచినీళ్ళు నేలపాలవుతున్నాయి. ఎవరూ రావడం లేదు. ఇద్దరం గోడ వైపు చూస్తూ నిలబడ్డాం. ఆయన చేతులకు సిమెంటు గీరుకొని నెత్తురు వస్తోంది, చూసుకోవడం లేదు. ఆపెయ్యనా అని చేయి స్విచ్చు మీదికి పోయింది. అప్పుడు అవతల ఏదో బరువైనది బండల మీద గరగరా ఈడ్చిన శబ్దం. వెంటనే నీళ్ళు ఖాళీ డ్రమ్ములో ధనధనమని మోగాయి.

చాలాసేపటికి గోడ మీద ఆపా తల కనిపించింది. ముఖమంతా చెమట. కూలిన కొండను చూసింది, మా ఆయన చేతులు చూసింది, నన్ను చూసింది.

"ఏందే, గట్ల దయ్యం లెక్క నిలవడ్డవ్? పోయి చీర మార్చుకో. వాళ్ళొచ్చే యాళ్ళకు నువ్వు నా పక్కల లేకపోతే నేనెవల్తోని లడాయి వెట్టుకోవాలె?" అంది.