అద్దాల గదిలో నాన్న కర్చీఫులు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు లెండి, ఫోన్లో చార్జింగ్ అయిపోతే ప్రాణం పోయినట్టు గిలగిల్లాడిపోయే ఈ కాలమే, మాకు ఎక్కడ అన్యాయం కనిపించినా రక్తం సలసలా మరిగిపోయేది. మరిగిన రక్తంతో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. క్యాంటీన్‌కి వెళ్లి ఇంకో టీ తాగేవాళ్లం. అప్పట్లో నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. మా ఇల్లు సీతాఫల్‌మండిలో. నాన్నది రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఊరు శ్రీకాకుళం వైపు. సికింద్రాబాద్‌లో ఎన్నేళ్లున్నా ఆయన మాటలో ఆ ఊరు అలాగే ఉండిపోయింది.

మా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు తగ్గిపోయిందనీ, ఇకమీదట తన కాళ్ల మీద తానే నిలబడాలనీ ఒకరోజు పెద్దలు ప్రకటించారు. నిలబడనివ్వండి, మాకేం అనుకున్నాం. (ఆ కాళ్లు మా నెత్తిమీదే పడతాయని అప్పటికి తెలీదు.) ఫీజంతా సొంతంగా కట్టుకునే సెల్ఫ్ ఫైనాన్స్ విద్యార్థులను చేర్చుకున్నారు. మా ఫీజు ప్రభుత్వం ఇచ్చేది కాబట్టి మేము రెగ్యులర్లం. అయినా అందరం ఒకే క్లాసులో పక్కపక్కనే కూర్చుని, ఒకరి నోట్సు ఒకరం ఎక్కించుకుంటూ, ఒకేలా ఆవలిస్తూ హాయిగానే ఉండేవాళ్లం. దసరా సెలవులయ్యాక లైబ్రరీకి వెళ్లి చూద్దును కదా, చదువుకునే హాలు మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అద్దం! అటువైపు ఏసీ, మెత్తటి కుర్చీలు, కొత్త పుస్తకాలు. ఇటువైపు సగం తిరిగీ సగం తిరగని ఫ్యాన్లు, మిగిలిన కాసిని కుర్చీలు, మేము. తలుపు మీద ‘సెల్ఫ్ ఫైనాన్స్ విద్యార్థులకు మాత్రమే’ అని బోర్డు. ఆ రోజు పొద్దున్నే, ప్రభుత్వ ఖర్చు ఫలితం అందరికీ సమానంగా అందాలన్న పాఠం విని వచ్చాను. ఆ బోర్డు ముందు నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాను. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఎవరి కోసం ఆ గది కట్టారో వాళ్లు అందులో అడుగుపెట్టేవాళ్లే కాదు. క్లాసు అవగానే బళ్లెక్కి ఇళ్లకు పోయేవాళ్లు. ఖాళీ కుర్చీలు చల్లగా, దర్జాగా కూర్చుని ఉంటే, అద్దానికి ఇటువైపు మేము మోచేతులతో పొడుచుకుంటూ చెమటలు కక్కేవాళ్లం.

మా అందరిలోకీ ఆ హాలు నిజంగా కావలసింది టమాటకి. వాళ్ల బాపుకి బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాల వ్యాపారం కాబట్టి క్లాసులో అందరూ దాన్ని అలాగే పిలిచేవాళ్లం. అదీ పలికేది. మార్కెట్ వెనకాల ఒంటి గది ఇల్లు, పొద్దస్తమానం లారీల హారన్లు, హమాలీల కేకలు. అక్కడ చదవడం మాట అటుంచి, మన మాట మనకే వినబడదు. మేమిద్దరం రాయాల్సిన లెక్చరర్ అర్హత పరీక్ష దగ్గర పడుతోంది. “గీసారి పాస్ గాకుంటే ఇగ అంతేనే, మా బాపు నన్ను కాంట కాడ్నే కూసోబెడ్తడు,” అనేది, నవ్వుతూనే. ఆ నవ్వు చూస్తే నాకు భయం వేసేది. పొద్దున కాంటా దగ్గర తూకాల పని ముగించుకుని అది వచ్చేసరికి ఇటువైపు కుర్చీలన్నీ నిండిపోయేవి. అందుకని దాని సీటు ఆపే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. మనకు తెలిసిన పద్ధతే, కర్చీఫు వేయడం. బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరితే ఆ సీటు మనది. రిజిస్ట్రీ ఆఫీసులో రాయించుకున్న స్థలాన్నైనా ఎవరో ఒకరు కబ్జా చేస్తారేమో గానీ, కర్చీఫు వేసిన సీటు జోలికి మాత్రం మన జంటనగరాల్లో ఎవరూ పోరు.

ఇలా ఉండగా ఒకనాటి సాయంత్రం మా లైబ్రేరియన్ గారు మావైపు వచ్చారు. ఆయనకు మేము పెట్టుకున్న పేరు ఉష్ సారు. మేము నోరు తెరిస్తే ‘ఉష్’, పుస్తకం మూస్తే ‘ఉష్’, ఒకసారి ఆయన తుమ్మి ఆయన్ని ఆయనే ‘ఉష్’ అనుకున్నారు. అలాంటి మనిషి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. “పిల్లలూ, రేపు మన వర్సిటీకి గ్రేడిచ్చే కమిటీ వస్తున్నది. గ్రేడు మంచిగొస్తేనే పైసలిస్తరంట. అద్దాల గది ఖాళీగ కనవడితే నా ఇజ్జత్ పోతది. రేపొక్క దినం మీరు జెర ఆ పక్క కూసోండ్రి. అడిగితే రోజు ఈడ్నే కూసుంటమని చెప్పుండ్రి.” ఏ గది గడప తొక్కొద్దన్నారో ఆ గదిలోనే కూర్చోమని బతిమాలుతున్నారు! ముందుగా తేరుకున్నది టమాట. “ఏసీ ఆన్ జేస్తరా సార్?” అంది.

మర్నాడు పొద్దున్నే, అటువైపు అందరికీ సీట్లు ఆపాలి కదా అని, నేను బీరువా తెరిచి నాన్న కర్చీఫులన్నీ సంచిలో వేసుకున్నాను. నాన్నకు చెమట ఎక్కువ, అందుకని అమ్మ జనరల్ బజార్‌కి వెళ్లినప్పుడల్లా కొని పడేసేది. గుమ్మం దగ్గర దొరికిపోయాను. “ఏటే ఇదీ, నా కర్చీపులన్నీ అట్టుకెల్లిపోతన్నావు? అంత జలుబేటే నీకు?” అన్నారు నాన్న. “యూనివర్సిటీ పరువు కోసం నాన్నా,” అన్నాను. ఆయన “మరి ఆఫీసులో నానేటితో తుడుసుకోవాల మొకం?” అని గొణుక్కుంటూ అమ్మ పాత తువ్వాలు మడిచి జేబులో కుక్కుకున్నారు.

మంచి బట్టలు వేసుకుని అందరం అద్దాల గదిలో చేరాం. కమిటీ వస్తోందని ఉష్ సారు ఏసీని ఎంత పెంచగలరో అంత పెంచేశారు. మొదట ఆహా అనుకున్నాం. కాసేపటికి వేళ్లు కొంకర్లు పోయాయి. కమిటీ ఎంతకీ రాదు. (పలావు పెట్టించారని తర్వాత తెలిసింది.) ఒకడు తుమ్మాడు, ఇంకొకడు పళ్లు టకటకలాడించాడు. ఇక లాభం లేదని, ఎవరి కుర్చీ మీద వాళ్లం కర్చీఫు వేసి, లేనివాళ్లకు నాన్నవి పంచి, వెనక వరండాలోకి పోయి ఎండలో నిలబడ్డాం. టమాట ఒక్కతే రానంది. చున్నీ తలమీద నుంచి కప్పుకుని, మూలనున్న కుర్చీలో పుస్తకంలో మునిగిపోయింది.

సరిగ్గా అప్పుడే ముందు తలుపులోంచి కమిటీ లోపలికి వచ్చింది! ఓరగా తెరిచి ఉన్న వెనక తలుపులోంచి చూశాను. గదినిండా కుర్చీలు, కుర్చీకో కర్చీఫు, మూలన టమాట తప్ప మనుషులు మాత్రం లేరు. కమిటీ పెద్దాయన తెల్లజుట్టు, చేతికర్ర. పలావు మీద పలావు తిని వచ్చారేమో, కూర్చుందామని ఒక కుర్చీ దగ్గరకు వెళ్లారు, గళ్ల కర్చీఫు చూసి ఆగిపోయారు. రెండో కుర్చీ దగ్గరా అంతే. పక్కనున్న ఆయన కూడా అంతే. అంతమంది ప్రొఫెసర్లు, ఒక్కరైనా కర్చీఫు తీసి పక్కన పడేస్తే ఒట్టు! వాళ్ల వెంట వచ్చిన మా రిజిస్ట్రార్ గారు చెమటలు తుడుచుకుంటూ (ఆ చలిలో!) “మావాళ్లు శుభ్రతకు చాలా ప్రాధాన్యం ఇస్తారండీ,” అన్నారు. పెద్దాయన కిసుక్కున నవ్వి, “బస్టాండుల్లో నేనూ విసిరినవాణ్ణేనండీ,” అని మూలకు తిరిగారు. “ఏమ్మా, నువ్వు రోజూ ఇక్కడే చదువుకుంటావా?”

మేమంతా తలుపు దగ్గరకు పరుగెత్తుకొచ్చాం. ఉష్ సారు పెద్దాయన వెనక నిలబడి, అవునను అవునను అని తల ఊడిపోయేలా ఊపుతున్నారు. టమాట పుస్తకంలోంచి తల ఎత్తింది. “లేద్ సార్. మేం రెగ్యులరోళ్లం, మాది అద్దానికి ఆ పక్క. గీ గదికి రానియ్యరు మమ్మల్ని. ఇయ్యాల మీరొస్తున్నరని కూసొమ్మన్నరు, కూసున్న.” పేజీ మీద వేలు పెట్టి, “సార్, మీరు జెర నిమ్మలంగ పోతే నాకు గీ చాప్టర్ సుత అయిపోతది. మీరు పోంగనే లేపుతరు మమ్మల్ని,” అంది.

అయిపోయింది, దీని చదువు ఈ రోజుతో సరి, అనుకున్నాను. పెద్దాయన దాని ఎదురు కుర్చీ మీదున్న కర్చీఫు తీసి, జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, “ఎవరిదో గానీ కాసేపు,” అని కూర్చున్నారు. మిగతావాళ్లూ కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. టమాట ఒకసారి వాళ్లందరినీ చూసి, మళ్లీ పుస్తకంలోకి వంగింది. మా వర్సిటీ చరిత్రలో అంత పొడుగాటి తనిఖీ ఇంకొకటి జరిగి ఉండదు.

కమిటీ కారు గేటు దాటగానే ఉష్ సారు గదిలోకి వచ్చారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేనట్టుంది. నేను టమాట ముందుకు వెళ్లి నిలబడ్డాను, తిడితే ముందు నన్నే తిట్టాలని. ఆయన నన్ను చూడనుకూడా లేదు. “అయిందా బిడ్డా ఆ చాప్టర్?” అన్నారు. “ఇంగ జెరంత ఉంది సార్,” అంది టమాట. “ఉష్! అయితే మాటలెందుకు, సదువుకో,” అని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం అద్దాల తలుపుకు తాళం పడలేదు. ఆ మర్నాడూ పడలేదు. పైనుంచి ఆర్డరేమీ రాలేదు, బోర్డు అలాగే ఉంది, ఉష్ సారు మాత్రం తాళంచెవి ఎక్కడో పోయిందని అడిగినవాళ్లందరికీ చెప్పేవారు. ఏసీ ఖర్చు దండగని నెల తిరిగేలోగా దాన్నీ ఆపేశారు. అటూ ఇటూ అందరికీ సమానంగా ఉక్కపోసింది.

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను ఇల్లంతా గెంతుతున్నాను. “పాసైంది నాన్నా! పాసైంది!” అని అరుస్తున్నాను. నాన్న చెప్పులైనా విడవకుండా నన్ను పట్టుకుని, “ఓలమ్మో, నా తల్లే!” అని, సేమ్యా పాయసం పెట్టమని వంటింట్లోకి కేకేశారు. తర్వాత అడిగారు, “ఎన్నొచ్చాయే నీకు?” అని. “నాకు కాదు నాన్నా, టమాటకి!” అన్నాను. నాన్న చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. “మరి నీదో?” అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, నేను నా నంబరు వెతుక్కోనే లేదని. ఫోన్ తీసి ఇద్దరం కలిసి వెతికాం. లేదు. మళ్లీ పైనుంచి వెతికాం. లేదు. పాయసం అప్పటికే పొయ్యి మీద ఉడికిపోతోంది కాబట్టి అందరం కూర్చుని తినేశాం, బాగానే కుదిరింది కూడా.

ఇప్పుడైతే అలా జరగదు. ఏ ఫలితం వచ్చినా ముందు నా నంబరు చూసుకుంటాను, ఆ తర్వాతే ఎవరిదైనా. వయసుతో పాటు ఆపాటి తెలివి వచ్చింది. అప్పుడప్పుడు మాత్రం, తన సంగతి మర్చిపోయి ఇల్లంతా గెంతిన ఆ వెర్రిపిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. నవ్వాక కాసేపు, ఆ పిల్ల ఏమైపోయిందా అని బెంగగా ఉంటుంది.