వాన సంగతి చెప్పని చదువు

నిన్న మా పరిశోధన సంస్థ క్యాంటీన్‌లో ఎవరో వేరుశనగ కాయను చిదిమారు. పెంకు చిట్లిన ఆ చప్పుడుకు, ఖైరున్నిసా మేడమ్ మా వసారాలో కూర్చుని "చెప్పదన్నా" అన్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ ఒక్క మాటతో నా చదువు ఆగిపోయిందనే అనుకున్నాను.

అనంతపురంలో నేను చదివిన ఇంజినీరింగ్ కళాశాలలో మేడమ్ భౌతికశాస్త్రం చెప్పేవారు. నేను ఐటీ విద్యార్థిని. నక్షత్రం వెలుగును విడదీసి అందులో ఏముందో ఎలా తెలుసుకుంటారో మొదటి ఏడాది ఆమె పాఠంలో విన్నాక, ప్రోగ్రాములు రాస్తున్నా నా మనసు వాటిమీద నిలవలేదు. రెండో ఏడు మధ్యలో ఐటీ మానేస్తానన్నాను. ఖగోళ భౌతికశాస్త్రం కోసం మళ్లీ మొదటి నుంచి డిగ్రీ చదువుతానన్నాను. నాయన ఒప్పుకోలేదు. ఆయనతో మాట్లాడడానికి మేడమ్ బస్సెక్కి యాడికిలోని మా ఇంటికి వచ్చారు.

అప్పటికే మా అమ్మ, "మా పాప ఆకాశం గురించి చదవబోతోంది" అని వీధంతా చెప్పింది. మా ఊళ్లో తలెత్తి చూసేది మబ్బు కోసమే. నాయనతో కలిసి విత్తనానికి వేరుశనగ బుడ్డలు వలుస్తున్న పొరుగింటి ఓబులేసు, "ఏమప్పా, ఇంగ టీవీలో వార్తలు సూడాల్సిన పని లేదు. వాన ఎప్పుడొస్తాదో మన పాపే చెప్తాది" అన్నాడు.

నాయన ముఖం కాస్త తేటపడింది. "నిజమేనా మేడమ్? ఆ సదువు వాన సంగతి చెప్తాదా?"

మేడమ్ తల ఊపితే చాలు. నేను ఆమె వంకే చూస్తున్నాను.

"చెప్పదన్నా. వాన సంగతి చెప్పే చదువు వేరే ఉండాది."

"అట్లయితే ఏంటికి?" అన్నాడు ఓబులేసు. "యాడో ఉండే సుక్క మన బుడ్డలు పండిస్తాదా?"

"పండియ్యదు."

"ఉద్యోగమన్నా వస్తాదా?" అని నాయన అడిగాడు.

"వస్తాదని చెప్పలేనన్నా. పాపకు ఈ చదువు వస్తాదని మాత్రం చెప్తా."

నాయన మళ్లీ బుడ్డలు వలవడంలో పడ్డాడు.

మేడమ్‌ను బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు కోపంగానే అడిగాను. "ఊ అని ఉంటే అయిపోయేది కదా మేడమ్."

"అయిపోయేది. వాన రాని ఏడు మీ నాయన ముందర నిలబడేది ఎవురు? నేనా, నువ్వా?"

ఆ ఏడే డిగ్రీలో చేరాను. నాయన నా పెట్టె మోసుకొచ్చి బస్సులో పెట్టి దిగిపోయాడు.

ఇప్పుడు నేను పరిశీలిస్తున్న నక్షత్రం ఉన్నట్టుండి మసకబారుతుంది. కారణం తెలియలేదని వ్యాసంలో రాస్తే, కాస్త మెత్తగా చెప్పమంటారు తోటివాళ్లు. నేను మార్చను. మేడమ్ దగ్గర నేర్చుకున్న వాటిలో రోజూ పనికొచ్చేది ఇదే.

కిందటేడు మేడమ్ పోయారు. నాయన ఒక్కడే అనంతపురం వచ్చి, ఆమె సమాధిలో మట్టి వేసి వెళ్లాడు. నా చదువుకు మాత్రం ఆయన ఇంతవరకు సరే అనలేదు. వద్దని కూడా మళ్లీ అనలేదు.