జాజు గీత, రాతి ఏనుగు

తడిసిన జాజు వాసన తగిలితే నాకు మోకాళ్ళు నొస్తాయి. ఇందులో వైద్యశాస్త్రానికి అందని రహస్యమేదో ఉంది. మొన్న ఉదయం నంద్యాలలో మా పక్కింటావిడ గడపకు పూయడానికని గిన్నెలో ఎర్రమట్టి జాజు కలుపుతోంది. ఆ తడిమన్ను వాసన ప్రహరీ దూకి, వరండా దాటి, నేను కాఫీ తాగుతున్న కుర్చీ దాకా వచ్చింది. నా రెండు మోకాళ్ళూ ఒకేసారి కలుక్కుమన్నాయి. సరిగ్గా అప్పుడే హాల్లో మా మనవడు, పది నెలల అయాన్ష్, ఫోను చార్జరు తీగ కొసను నోట్లో పెట్టుకుని సన్నాయి ఊదుతున్నాడు. (వాడి పేరు తడబడకుండా పలకడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మిగిలిన నాలుగు నెలలు నన్ను క్షమించడానికి వాడికి పట్టాయి.) నేను పరిగెత్తాను. అంత హడావిడిలోనూ కాఫీ కప్పును ముందు ఫ్రిజ్ నెత్తిన పెట్టాకే పరిగెత్తాను. వాణ్ణి అందుకున్నాక చూసుకుంటే యాభై ఆరేళ్ళ నేను, వాడికి పోటీగా, నాలుగు కాళ్ళ మీద ఉన్నాను. సిగ్గు పడలేదు. ఆ భంగిమ నాకు గురుముఖంగా వచ్చింది. గురువు పేరు లింగాచారి. ఊరు ఆళ్ళగడ్డ. వృత్తి రాళ్ళను దేవుళ్ళుగా మార్చడం.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. నేను అప్పుడు ఆళ్ళగడ్డ తపాలా ఆఫీసులో గుమస్తాను. నేనూ, నా భార్య సుజాత, తొమ్మిది నెలల కూతురు మౌనిక రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగాం. ఆ ఇల్లు ఎంత చిన్నదంటే, లోపల ఎవరైనా ఆవలిస్తే మిగతావాళ్ళు బయటికి వెళ్ళాలి. పెరటి గోడకు అవతలే లింగాచారి శిల్పాల షెడ్డు. గోడలో మనిషి దూరేంత కంత ఉండేది. తెల్లవారకముందే ఉలి చప్పుడు మొదలయ్యేది. షెడ్డులో దేవుళ్ళంతా వరసగా, సగం సగంగా నిలబడి ఉండేవారు. ఒకాయనకు తల రాలేదు, ఒకామెకు చేతులు రాలేదు, వినాయకుడికి మాత్రం ముందుగా బొజ్జ వచ్చేసింది. అరవై దాటిన లింగాచారి వాళ్ళందరి మధ్య రాతిపొడి కప్పుకుని కూర్చుంటే, ఆయనే పూర్తయిన విగ్రహం అనిపించేది.

మేము దిగిన నాలుగోరోజు ఆయన ఆ కంతలోంచి వచ్చాడు. రెండు అరచేతుల మీద మా మౌనిక. దారిలో దొరికిన గొడుగును అప్పగిస్తున్నట్టు అడిగాడు.

"ఇది మీదేనా?"

"మాదే పెద్దాయనా. ఎక్కడ దొరికింది?"

"నా షెడ్డులో ఉలి పట్టుకోని కూకోనుండాది. నేనింకా పనికి పిలవలే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. పాపను దింపి, తలగుడ్డ బిగించి, మా ఇంటి గడప దగ్గర మోకాళ్ళ మీద వంగాడు. చేతులు నేలకు ఆనించి, పాప వెనకాలే దోగాడుతూ లోపలికి పోయాడు. సుజాత వంటింట్లోంచి చూసి కెవ్వుమంది. "ఏమండీ, పెద్దాయనకు మూర్ఛ వచ్చినట్లుండాది, తాళంచెవులు తీసుకురాండి!"

"మూర్ఛ లేదు గీర్ఛ లేదు, గమ్మునుండమ్మా" అని మంచం కింద నుంచి గొంతు వచ్చింది. "నిలబడి చూస్తే ఇల్లు కనపడ్తాది. బిడ్డకు ఏం కనపడ్తాదో చూడాలంటే బిడ్డంత కావాల."

ఆ గంటలో మా ఇంట్లో బయటపడిన ఆయుధాలతో మూడు రాజ్యాల మీద దండెత్తవచ్చు. మంచం కింద పాత బ్లేడు. బీరువా సందులో, తినమని మేమే చక్కగా అలంకరించి పెట్టిన ఎలుకల మందు టమాటా ముక్క. స్నానం చేసే జాలారి దగ్గర సగం నిండిన బక్కెట్టు. ఇవన్నీ తీసి నడిమింట్లో పోగు పెట్టాడు. చివరగా పొయ్యి పక్కనుంచి ఒక సీసా ఎత్తి పట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది?"

"కిరసనాయిలు."

"సీసా మీద ఏం బొమ్మ ఉండాది?"

"కూల్ డ్రింకు."

"నువ్వు ఉత్తరాల ఆఫీసులో పనిచేస్తాండావు. ఒకరి అడ్రసు రాసి ఇంకొకరి ఉత్తరం లోపల పెడ్తే యాడికి పోతాది?"

ఆయనే చెప్పాడు. "ఇది మాత్రం నేరుగా బిడ్డ కడుపులోకి పోతాది."

తపాలా శాఖలో నా మొత్తం సర్వీసులో అంత సూటిగా ఎవరూ నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రమే ఆయన ఒక చిప్పలో జాజు కలుపుకొచ్చాడు. రాయిలో తీసేయాల్సిన భాగాన్ని ముందు జాజుతో గుర్తు పెట్టుకోవడం వాళ్ళ పనితీరు. ఎర్ర గీతకు అవతల ఉన్నదంతా పోవాల్సిందే, ఇవతల ఉన్నదే దేవుడు. మా పాపను గోడకు ఆనించి నిలబెట్టాడు. చేయి పైకెత్తించి, వేళ్ళు అందిన చోటు చూసి, దాని పైన ఒక జానెడు కొలిచాడు. దారాన్ని జాజులో ముంచి, ఒక కొస నా చేతికిచ్చి, లాగి వదిలాడు. టప్‌మని గోడ మీద గీత పడింది. రెండు గదులూ, వంటిల్లూ, వరండా చుట్టూ అదే గీత.

"ఈ గీతకు కింద కోసేది, కాలేది, మింగేది, మునిగేది ఏదీ ఉండగూడదు. బిడ్డ పెరిగేకొద్దీ గీత పెంచుకుంటూ పోదాం."

మర్నాడు ఇంటి ఓనరు వచ్చి గోడలు చూసి నోరు తెరిచాడు. "ఏమప్పా, నేను అద్దెకిచ్చింది ఇల్లా, గుడినా?" ఆయన అలా అనడంలో తప్పు లేదు. తర్వాతి శుక్రవారం ఒకావిడ మా వాకిట్లో టెంకాయ కొట్టి, నన్ను చూసి, ప్రసాదం ఎక్కడ పెడతారని అడిగింది. నేను లోపలికెళ్ళి రెండు బిస్కెట్లు తెచ్చిచ్చాను. ఆమె కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

అమావాస్య నాడు శిల్పులు ఉలి ముట్టరు. ఆ రోజు ఆయనకు సెలవు, మాకు తనిఖీ. ప్రతి అమావాస్యకూ జాజు చిప్పతో వచ్చి, పాపను గోడకు నిలబెట్టి, గీత పెంచేవాడు. తర్వాత ఇల్లంతా ఒకసారి దోగాడేవాడు. నన్ను కూడా దోగాడమనేవాడు. నా మోకాళ్ళు అరగడం అప్పుడు మొదలై నేటికీ జయప్రదంగా సాగుతోంది. పాపకు నీళ్ళు పోసేటప్పుడు సుజాత అలవాటుగా తొట్టిలో ముందు ఉడుకునీళ్ళు పోసి, చన్నీళ్ళ కోసం వెళ్ళబోతే ఆపాడు. "ముందు సన్నీళ్ళమ్మా. తర్వాతే ఉడుకునీళ్ళు. నడుమ బిడ్డ చెయ్యి పెట్టినా ఏం కాకూడదు." ఇంత చిన్న సంగతి మా రెండు వంశాల్లో ఏడు తరాలుగా ఎవరికీ తోచలేదు.

ఈయనకెందుకు ఇంత ఆరాటం? ఊళ్ళో అడిగితే మూడు కథలు చెప్పారు. కొడుకు బావిలో పడి పోయాడని ఒకరు, మనవరాలు పాకుతూ పోయి పొయ్యిలో చేయి పెట్టిందని ఇంకొకరు, అసలాయనకు పిల్లలే లేరు, పెళ్ళే కాలేదని మూడో ఆయన. మూడో ఆయన సొంత మేనల్లుడు కాబట్టి నమ్ముదామనుకున్నాను. కానీ మొదటి ఆయన కూడా మేనల్లుడేనట. చివరకు ధైర్యం చేసి ఆయన్నే అడిగాను.

"నీకెందుకప్పా అవన్నీ?" అని ఉలి దించి, పక్కనున్న చేయి విరిగిన అమ్మవారిని చూపించాడు. "నాలుగు నెలల పని. ఒక్క దెబ్బ పక్కకు పడింది. అతికిచ్చిన దేవునికి పూజ లేదు. ఇంకో రాయి తెచ్చుకుంటా. నువ్వు యాడనుంచి తెచ్చుకుంటావ్?"

అది జవాబో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

మౌనిక మొదటి పుట్టినరోజుకు ఆయన ఒక రాతి ఏనుగును చెక్కి తెచ్చాడు. జానెడు పైన నాలుగు వేళ్ళ ఎత్తు. నున్నటి వీపు, ఎక్కడా మొన లేని దంతాలు. నా లెక్కన బరువు రెండు బండ్ల వడ్లంత. ఇంకెవరైనా తూస్తే ఇరవై కిలోలు తేలేదేమో. వరండాలో దింపి చెప్పాడు. "ఇది ఈడనే ఉండాల. వంటింటి దిక్కుకు పోకూడదు. ఏనుగుకు నిప్పంటే భయం." పాప దాని మీదెక్కి రోజంతా ఊరేగేది.

ఆ తర్వాత రెండు నెలలకు ఒక ఆదివారం ఉదయం. సుజాత వంటింట్లో ఉంది. పాప వరండాలో నా పేపరు లాగుతోంది, మళ్ళీ మళ్ళీ లాగుతోంది. నాకు ప్రపంచ వార్తలు చదవాలని ఉంది. ప్రపంచానికి నా అవసరం ఎంత ఉండిందో తెలియదు. నేను ఆ ఏనుగును ఎత్తి, మూలుగుతూ మోసుకెళ్ళి, వంటింటి గట్టు పక్కన దింపి, దాని మీద పాపను కూర్చోబెట్టాను. "అమ్మ దగ్గర ఆడుకో" అని వచ్చి పేపరు విప్పాను. సుజాత పాలగిన్నె పొయ్యి మీంచి దించి గట్టు మీద పరిచిన మసిగుడ్డపై పెట్టింది. చక్కెర డబ్బా కోసం అటు తిరిగింది. పాప ఏనుగు మీద నిలబడింది. పాప వేళ్ళకూ గీతకూ మధ్య మేము వదిలిన జానెడునూ ఆ ఏనుగు మింగేసింది. మసిగుడ్డ అంచు పాప చేతికి అందింది.

ఆ కేక తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. లింగాచారి కంతలోంచి రాలేదు, గోడ మీంచే దూకాడు. అరవై దాటిన మనిషి. పాపను ఎత్తుకుని, తన షెడ్డులో రాళ్ళు తడిపే కొళాయి కింద పాప చేయి పెట్టి కూర్చున్నాడు. ఇరుగుపొరుగు క్షణంలో చేరారు. ఒకరు ఇంకు బుడ్డి, ఒకరు టూత్‌పేస్టు, ఒకరు పసుపు.

"ఏం పూయొద్దు! దూరం పోండి!" అని అరిచాడు. "ఇంకు పోసి బిడ్డ మీద ఉత్తరం రాస్తారా? నీళ్ళు పారనీండి!"

ఎంతసేపు పారాయి? గడియారం ఇరవై నిమిషాలంది. నాకు మాత్రం అప్పటికి జుట్టు నెరిసింది. తర్వాత చేతికి శుభ్రమైన తడిగుడ్డ కప్పి ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మోచేతి కింద మాత్రమే కాలింది, మానుతుంది, మచ్చ ఉంటుంది అన్నాడు డాక్టరు. ముఖం మీద పడి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

సాయంత్రం లింగాచారి వచ్చి నిద్రపోతున్న పాపను చూశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి ఏనుగును చూశాడు. చాలాసేపు చూశాడు. నేను పక్కనే ఉన్నాను. చెప్పాల్సింది ఒక్క మాట. నా నోరు తపాలా పెట్టెలా తెరుచుకునే ఉంది, లోపలిది మాత్రం బయటకు రాలేదు.

"ఏనుగు నేనిచ్చిందే కదా" అన్నాడు ఆయన, ఎవరితోనో తెలియదు. దాన్ని భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి సుజాతతో అన్నాను. "పెద్దాయనకు నేనే చెప్తా. నువ్వు చెప్పొద్దు." రేపు చెప్దామనుకున్నాను. రేపు అన్నది ఆళ్ళగడ్డలో మరీ పొడుగ్గా ఉంటుంది. అమావాస్యకు ఆయన మామూలుగానే వచ్చి గీత పెంచాడు. ఈసారి రెండు జానలు వదిలాడు. నా ముఖంలోకి చూడలేదు. లేదా చూశాడు, నేనే చూడలేదు. ఇరవై కిలోల రాయిని ఏనుగుగా చెక్కినవాడికి పద్నాలుగు నెలల పాప దాన్ని జరపలేదని తెలియదా? తెలిస్తే నన్నెందుకు అడగలేదు? తెలియకపోతే ఆ చూపేమిటి? ఆ రోజు నుంచి నా బుర్ర గిరగిరా తిరిగే గానుగ అయ్యింది, నూనె మాత్రం చుక్క రాలేదు.

మరుసటి ఏడు నాకు నంద్యాలకు బదిలీ అయింది. బస్టాండుకు ఆయన ఏనుగును మోసుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కండక్టరు దానికి టికెట్టు అడిగాడు. పూర్తి టికెట్టా, అర టికెట్టా అని నేను వాదిస్తుంటే, లింగాచారి కిటికీలోంచి చెప్పాడు. "గీత గీసేది నేర్పించినా. గీత కాపలా కాయదప్పా. మనిషి కాయాల." బస్సు కదిలింది. ఆ తర్వాత ఎన్నోసార్లు, ఈసారి చెప్పేస్తానని ఒట్టు పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ప్రతిసారీ ఆయన బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించేవాడు. ప్రతిసారీ అవి తిని తిరిగొచ్చాను. పదకొండేళ్ళ కిందట ఆయన పోయాడు. నా మాట నా దగ్గరే ఉండిపోయింది.

మొన్నటి చార్జరు సన్నాయి తర్వాత పక్కింటావిడ దగ్గర చిప్పెడు జాజు అడుక్కొచ్చాను. మౌనిక కొడుకును తీసుకుని పుట్టింటికి వచ్చి నెలయింది. నేను దారం ముంచుతుంటే తల పట్టుకుంది. "నాయనా, మొన్ననే కదా రంగులేయించింది!" నేను వినలేదు. టప్‌మని గీత పడింది. అయాన్ష్ చప్పట్లు కొట్టాడు. తర్వాత వేలు పైకెత్తి బీరువా నెత్తి మీదికి చూపించాడు. అక్కడ ముప్పై ఏళ్ళుగా ఆ ఏనుగు ఉంటోంది. మా ఇంట్లో గీతలన్నిటికీ పైన అదొక్కటే.

"దింపు నాయనా, వాడు ఆడుకోనీ" అంది మౌనిక. ఆమె చేయి చాచినప్పుడు మోచేతి కింద మచ్చ కనిపించింది, ముడతలు పడ్డ తమలపాకంత. నాకేమయిందో తెలియదు. నేల మీద కూర్చునే చెప్పేశాను. వంటింట్లోకి దాన్ని మోసింది నేనేనని, ఆ సంగతి చెప్పకుండానే పెద్దాయన్ను పోనిచ్చానని.

మౌనిక తల్లి వైపు చూసింది. సుజాత కొంగుతో చేతులు తుడుచుకుంది. "మరుసటి రోజే నేను పోయి చెప్పినా" అంది.

"ఎవరికి?"

"పెద్దాయనకే. ఆయన నవ్వినాడు. 'నాకు తెలుసునమ్మా, రాయికి కాళ్ళొస్తాయా? నాకు తెలుసని మాత్రం వానికి చెప్పొద్దు' అన్నాడు. 'చెప్తే తేలికైపోతాడు. తేలికైనోడు లేసి పోతాడు. బరువుంటే బిడ్డ పక్కనే కూకోనుంటాడు' అన్నాడు."

"ముప్పై ఏళ్ళా? ఒక్కమాట చెప్పలేదే?"

"చెప్తే లేసి పోతారేమోనని" అంది సుజాత, పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్తూ.

ఆయన నన్ను క్షమించాడా, శిక్షించాడా? ముప్పై ఏళ్ళు మోసింది దయో, జరిమానానో? ఆలోచించే కొద్దీ ఇంకా చిక్కు పడుతోంది. బీరువా మీంచి ఏనుగును దింపి, వంటింటికి దూరంగా, హాలు నడిమధ్య పెట్టాను. అయాన్ష్ ఎక్కి కూర్చున్నాడు. నేను పక్కనే నేల మీద చతికిలబడ్డాను. మౌనిక రెండుసార్లు పిలిచింది, కాఫీ చల్లారుతోందని, లేచి కుర్చీలో కూర్చోమని. నేను లేవలేదు. లేవనివ్వనిది మోకాళ్ళో, లింగాచారో నాకు తెలియదు.