విప్పని కట్టెల మోపు

నా చిన్నప్పుడు ఆర్మూర్‌లో మా వాడ వెనక ఒక రాళ్ల గుట్ట ఉండేది. దాని మీదుగా అవతలి చేలకు కాలిబాట పోయేది. ఎనభైల మొదట్లో సంగతి ఇది. అంతకు కొన్నేళ్ల ముందు, గుట్ట బోడిగా మారటం చూడలేక మా పెదనాన్న వాడలోని పదిమంది రైతులను కూడగట్టాడు. వాళ్లు ప్రతి ఆదివారం పొద్దున్నే గుట్టెక్కేవారు. వాన కోసుకుపోయిన చోట రాళ్లు పేర్చి బాటను నిలబెట్టేవారు. మేకలు చొరబడకుండా చుట్టూ ముళ్లకంప వేశారు. నాలుగైదేళ్లకు మోదుగులు, తునికి చెట్లు మనిషెత్తు దాటాయి. ఎవరూ వాళ్లను చేయమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నేను మంచినీళ్ల బిందె మోస్తూ వాళ్ల వెంట తిరిగేదాన్ని. మా పెదనాన్నంత మంచివాడు ఊళ్లో మరొకడు లేడనుకునేదాన్ని.

గుట్టకు ఒకటే కట్టుబాటు. ఎండు పుల్లలు ఎవరైనా ఏరుకోవచ్చు, పచ్చి చెట్టు మీద మాత్రం కత్తి పడకూడదు. పడితే ఆ మనిషికి ఆ ఏడు మా వాడలో ఎవరూ పసుపు తవ్వే పని ఇవ్వరు. కూలివాళ్లకు ఏడాది మొత్తంలో పెద్ద పని అదే.

నాకు పదేళ్లప్పుడు, తవ్వకాలు ఇంకా మొదలు కాని ఒక ఆదివారం, బాట పక్కన అప్పుడే నరికిన మోదుగ మొదలు ఒకటి కనిపించింది. పెద్దవాళ్లంతా మండిపడుతున్నారు. ఎవరు కొట్టి ఉంటారని ఒకరినొకరు అడుగుతున్నారు. అంతకు కాసేపటి ముందే నా బడి స్నేహితురాలి తల్లి నాకు ఎదురుపడింది. మా చేలో కూలికి వచ్చే మనిషే. నెత్తిన కట్టెల మోపుతో గుట్ట దిగుతోంది. అవన్నీ ఎండు కట్టెలే. నేను దగ్గర నుంచి చూశాను. అయినా, ఆమె మోపులో పచ్చి కొమ్మలున్నాయని అన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. ఆ మాటతో అంతమంది పెద్దవాళ్లు ఒక్కసారిగా నా వైపు తిరిగారు. అది నాకు బాగుంది.

గుట్ట కింద ఆమెను ఆపారు. "పచ్చిది ముట్టలే పటేలా. ఎండినయే ఏరుకున్న. ఇప్పి సూపిస్త, సూడుండ్రి," అంటూ ఆమె మోపు దించి ముడి మీద చెయ్యి వేసింది.

పెదనాన్న నన్ను అడిగాడు. "నువ్వు జూసినవా బిడ్డా?"

"చూసిన," అన్నాను.

"ఇంక ఇప్పుడెందుకు? మా పిల్ల అబద్ధమాడదు," అన్నాడు ఆయన.

ఆ ముడి విప్పటానికి ఎంతసేపు పడుతుంది? పదిమందిలో ఒక్కరూ వంగలేదు. ఆమె దగ్గరున్న కత్తిని పెదనాన్న లాక్కున్నాక, మోపును అక్కడే వదిలేసి అందరూ ఇళ్లకు పోయారు.

తవ్వకాలు మొదలయ్యాయి. ఆమెను ఎవరూ పిలవలేదు. వారం చూసి, మొగుణ్ణీ కూతుర్నీ వెంటబెట్టుకుని బోధన్ దిక్కు చెరకు కొట్టే పనికి బయలుదేరింది. పోయే ముందు కత్తి అడగటానికి మా ఇంటికి వచ్చింది. పెదనాన్న లేడు. గడపలో నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను చూసి నా తల మీద చెయ్యి పెట్టింది.

"చిన్న పిల్లవు. పచ్చిదేదో ఎండిందేదో నీకేం ఎరుక? మనసుల వెట్టుకోకు," అంది.

నాకు తెలుసని నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు. మర్నాటి నుంచి బడిలో నా పక్కన చోటు ఖాళీ.

ఆ నెలలోనే కాని కాలంలో వాన పట్టుకుంది. తవ్విన పసుపు కుప్పల్లో ఉంది. ఉడకబెట్టటానికి తెచ్చిపెట్టుకున్న కట్టెలు తడిసి పొగ తప్ప మంట రావటం లేదు. బండ్ల మీద వచ్చే కట్టెలు ఆగిపోయాయి. ఇంకో నాలుగు రోజులైతే కుప్పలు కుళ్లుతాయి. ఒక పొద్దున మా పెదనాన్నే గొడ్డలి భుజాన వేసుకుని గుట్ట వైపు నడిచాడు. వెనక మిగతా వాళ్లు, వాళ్ల వెనక ఎడ్ల బండ్లు. లోపలికి తడి పట్టని, నిలువునా ఎండిన చెట్లను ముందు కొట్టారు. పచ్చివాటినీ కొట్టి, వాటితో కలిపి మంటలోకి తోశారు. బండ్ల కోసం బాట మీద పేర్చిన రాళ్లను వాళ్లే పీకేశారు. మూడు రోజుల్లో గుట్ట మళ్లీ బోడిదయింది.

"పచ్చివి కొట్టొద్దంటివి గదా పెద్దబాపూ," అన్నాను.

ఆయన కొడుతున్న చెట్టు మీంచి చూపు తిప్పలేదు. "మనం పెంచినం, మనం కొట్టుకుంటున్నం. నీకు సమజ్ గాదు పో," అన్నాడు.

నాకు అర్థమైంది. ఆ మనంలో ఎవరున్నారో, ఎవరు లేరో ఆ పొద్దునే అర్థమైంది. ఆ తర్వాత ఆదివారాలు ఎవరూ గుట్టెక్కలేదు. ఎక్కటానికి ముఖం చెల్లలేదేమో.

తొంభైల్లో, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, బస్టాండులో నా పాత స్నేహితురాలు కనబడింది. వాళ్లమ్మ చనిపోయిందని చెప్పింది. తను ఐదో తరగతితోనే చదువు ఆపేశానంది, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. నేను ఉండబట్టలేక ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. వాళ్లమ్మ అప్పుడన్న మాట చెప్పింది. "మా అవ్వకు అప్పుడే ఎరుక. అబద్ధమని తేలితే పిల్లకు ఇంట్ల దెబ్బలు వడ్తయి, ఊకోండ్రి అన్నది," అంది. బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

అలా నాకు దెబ్బలు తప్పాయి. నా వయసే ఉన్న ఆ తల్లి కూతురికి బడి తప్పింది. పెదనాన్న పోయినప్పుడు గుట్టను పెంచిన మనిషని అందరూ పొగిడితే నేను తల వంచుకుని విన్నాను. ఇన్నేళ్లొచ్చాయి. ఇప్పటికీ ఎవరైనా నా మాట విని వెంటనే నమ్మి తలూపితే నాకు లోపల భయమేస్తుంది. నేను చెప్పానని కాదు, ఒకసారి మీరే పోయి చూడండి అంటాను.