ఇసుకలో నడిచిన బండి

నిన్న తిరుపతిలో పాత సామాన్ల అంగట్లో మా ఆయన రెండు సైకిల్ చక్రాలు పట్టుకుని నిలబడ్డారు. తూపిలిపాలెం సముద్రం ఒడ్డున చేపలు పట్టడం ఆయనకు సరదా. గాలాలు, ఐసుపెట్టె లాక్కెళ్లడానికి సొంతంగా బండి చేసుకుంటున్నారు.

"అవి ఇసకలో దిగబడతాయి. ఆ లావుపాటి స్కూటర్ చక్రాలు తీసుకోండి" అన్నాను.

"నీకెట్టా తెలుసు?" అన్నారు నవ్వుతూ.

మన తిరుచానూరు నేస్తాలకైతే చెప్పనక్కర్లేదు. ఎండాకాలం స్వర్ణముఖి ఏట్లో చెలమలు తవ్వి నీళ్లు తోడుకునేవాళ్లం, గుర్తుందా? ఆ తడి ఇసుక వాసన, చంకలో ఇత్తడి బిందె చల్లదనం!

తమ్ముడు పుట్టాక అమ్మకు నడుము నొప్పి పట్టుకుంది. బిందె ఎత్తితే కళ్లలో నీళ్లు తిరిగేవి. అది చూసి నాయన పలకలతో చిన్న బండి చేశాడు. సైకిల్ చక్రాలు వేస్తే, రెండు బిందెలకే ఇసుకలో కూరుకుపోయింది. నాయన ఆ చక్రాలు విప్పేసి, ఎక్కడినుంచో పాత స్కూటర్ చక్రాలు తెచ్చి, గాలి సగం తీసేసి బిగించాడు.

"ఇప్పుడు సూడు. నువ్వెక్కి కూర్చో" అన్నాడు అమ్మతో.

"నేనా? ఎవురన్నా సూస్తే నవ్వుతారు."

"నవ్వనీలే. నిన్ను మోసినాక బిందెలొక లెక్కా?"

అమ్మ కొంగు దోపుకుని కూర్చుంది. నాయన లాగాడు, నేను వెనకనుంచి తోశాను. బండి ఇసుక మీద మెత్తగా సాగిపోయింది. చెలమల దగ్గర ఆడవాళ్లంతా చూస్తుంటే అమ్మ సిగ్గుతో మొహం దాచుకుంది. కానీ ఒడ్డు చేరినా దిగలేదు.

"ఇంకొంచెం దూరం లాగు" అంది.